సెంట్లు లెక్కపెట్టాం, అడుగులు లెక్కపెట్టలేదు



పేదవానికి ఇంటిస్థలం ఎంత ఇవ్వాలి అన్న వాదం మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా సాగుతోంది. 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో పట్టణాలలో సెంటు, గ్రామాలలో సెంటున్నర చొప్పున 30 లక్షలకు పైగా పట్టాలు పంచారు. సెంటు నేలలో సంసారం ఎలా సాగుతుందని ప్రతిపక్షం ఎద్దేవా చేసింది. 2024లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం పట్టణాలలో రెండు సెంట్లు, గ్రామాలలో మూడు సెంట్లు ఇస్తామన్నది. సెంటా, రెండు సెంట్లా అని ఇరుపక్షాలవారు గొంతులు చించుకున్నారు. ఈ రభసలో వెనుకబడిపోయిన ప్రశ్న ఒకటున్నది. ఆ స్థలం నుండి బడికి, సంతకు, ఆసుపత్రికి, కూలిపనికి ఎన్ని అడుగులు?

నేను తెలుగు పండితుణ్ణి. పట్టణ ప్రణాళిక నా శాస్త్రం కాదు. కాని నిబంధన అన్నది మాటలతో కట్టినదే కదా! మాటలను విప్పి చూడడం నా వృత్తి. మన పురపాలక నిబంధనలను విప్పి చూస్తే వాటిలో కారున్నవానికి చోటున్నది, లేఅవుటు వేసేవానికి చోటున్నది. నడిచేవానికి, అద్దెకుండేవానికి చోటు లేదు. ఈ టపాలో నా వాదం ఇంతే: నిబంధనలు మారకుండా ఎన్ని సెంట్లు పంచినా పేదవానికి ఇల్లు రాదు, దూరం మాత్రమే వస్తుంది.

మా సాలూరునే తీసుకోండి. తూర్పు కనుమల పాదాన, వేగవతి ఒడ్డున ఉన్న ఊరు. 2011 జనగణనలో సుమారు 50 వేల జనాభా. లారీల ఊరని ఆంధ్రదేశమంతటా పేరు. విజయనగరం నుండి పోయే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఒడిశా ఘాటు ఎక్కేముందు ఇదే చివరి పెద్ద మజిలీ. కొండల మీది జాతాపులు, కొండదొరలు, గదబలు చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, పసుపు, అల్లం తెచ్చి అమ్ముకునేది ఈ ఊళ్లోనే. కావిడి భుజాన వేసుకునో, గంప నెత్తిన పెట్టుకునో దిగివచ్చే ఆ మనుషులకు ఈ ఊరు ఏ మర్యాద చేస్తున్నదో ఎవరైనా వచ్చి చూడవచ్చు. రోడ్డు నడుమ లారీ, దాని పక్కన ఆటో, ఆ పక్కన మోటారు సైకిలు, దాని పక్కన మురుగుకాలువ. కాలిబాట ఎక్కడ అని అడిగితే కాలువ మీది పలకలను చూపిస్తారు. ఆ పలకలు కూడ అన్నిచోట్ల లేవు.

ఇది మా ఊరి ఒక్కదాని కర్మ కాదు. 2022లో ఈ దేశపు రోడ్ల మీద ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది. అయిదుగురిలో ఒకరు! ఇక 2011 జనగణన ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసుకునేవారిలో కాలినడకన పనికి పోయేవారు నూటికి 22 మందికి పైగా. కారులో పోయేవారు నూటికి ముగ్గురికన్న తక్కువ. ఆ తరువాత కార్లు పెరిగిన మాట నిజమే. అయినా ఈ దేశంలో నడిచేవారు అల్పసంఖ్యాకులు కారు. అల్పసంఖ్యాకులకోసం నిబంధనలు వ్రాసి, అధికసంఖ్యాకులను కాలువ మీద నడిపించడం ఏ న్యాయం?

పేట, వాడ, వీధి, అరుగు

మన పూర్వులు ఊరిని ఎలా భావించారో వారి మాటలే చెబుతాయి. పేట అంటే వట్టి నివాస స్థలం కాదు, బేరసారాలు సాగే చోటు కూడ. నరసన్నపేట, పాయకరావుపేట, సూళ్లూరుపేట అన్న పేర్లలో ఇల్లు, అంగడి కలిసే ఉన్నాయి. వాడ అంటే వృత్తితోను, బంధుత్వంతోను ముడిపడిన ఇళ్ల గుంపు. (ఆ ముడిలో కులపు విషం కూడ ఉన్నదని నేను మరువలేదు. వెలివాడ అన్న మాటా మన నిఘంటువులోదే. పాతదంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు.) ఇక వీధికి, ఇంటికి నడుమ ఉన్నది అరుగు. అది ఇంటివారి సొత్తే, కాని వీధివారి ఆసనం. బాటసారికి విశ్రాంతి, ముసలివారికి కాలక్షేపం, పిల్లలకు వీధిబడి, చిన్న వర్తకునికి దుకాణం. ప్రబంధ కవులకు అష్టాదశ వర్ణనలలో పురవర్ణన ముందుంటుంది. ఆ పురాలలో పూలమ్మే పడతులు వీధిలోనే ఉంటారు గాని, ప్రత్యేక వాణిజ్య మండలంలో ఉండరు.

మరి ఇవాళ్టి నిబంధన ఏమంటుంది? ఊరిని రంగులు పూసిన పటం చేసి ఇక్కడ నివాసం, అక్కడ వాణిజ్యం, ఆ చివర పరిశ్రమ అని గీతలు గీస్తుంది. నివాస మండలంలో చిల్లర దుకాణాలకు కాగితం మీద కొంత వెసులుబాటున్నా, అది దయాధర్మంగా ఇచ్చినదే గాని హక్కుగా ఇచ్చినది కాదు. చిన్న స్థలంలోనైనా వీధివైపు ఖాళీ వదలమంటుంది. ఆ ఖాళీలో అరుగు కట్టుకుంటే అతిక్రమణ, మోటారు సైకిలు పెట్టుకుంటే సక్రమం. అంతస్తుల గృహసముదాయం కట్టేవాడు కట్టిన వైశాల్యంలో ఇంత శాతం బళ్లకు కేటాయించి తీరాలంటుంది. అందులో కాపురముండేవానికి బండి ఉన్నదా లేదా అని అడగదు.

ఈ బళ్ల సంగతిలో ఒక లెక్క చెబుతాను. ఢిల్లీ 2021 బృహత్ ప్రణాళికలో, భవనం కింది అంతస్తులో ఒక కారు నిలపడానికి, అది మలుపు తిరిగే చోటుతో కలిపి, 28 చదరపు మీటర్లు లెక్కకట్టారు. అంటే 301 చదరపు అడుగులు. మన రాష్ట్రంలో టిడ్కో సంస్థ పేదలకు కట్టిన ఇళ్లలో అన్నిటికన్న చిన్నది 300 చదరపు అడుగులు. ఒక కారు నిద్రపోయే చోటు, ఒక కుటుంబం వండుకుని తిని, పిల్లలను చదివించుకుని, ముసలివారిని సాకి, తానూ నిద్రపోయే చోటు సరిసమానమన్నమాట! కారు చోటు నిబంధనలో తప్పనిసరి. కుటుంబం చోటు పథకంలో వరం. ఆ తప్పనిసరి చోటు ఖరీదు అద్దెలో కలిసి, కారు లేనివాడు కూడ కడుతున్నాడు.

ఈ గీతలు ఎక్కడివి?

ఇవి మన గీతలు కావు. 1926లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం యూక్లిడ్ అనే ఊరి వ్యాజ్యంలో ఈ మండల విభజనను సమర్థించింది. ఒంటరి ఇళ్ల మధ్యన వెలిసే అద్దెవాటాల భవనాన్ని ఆ తీర్పు పరాన్నభుక్కుతో పోల్చింది. పేదవాని ఇంటిని చూసి ముక్కు మూసుకునే బుద్ధి ఆ విభజనలో మొదటినుండే ఉన్నదని తెలుస్తూనే ఉన్నది. నూరేళ్లు అనుభవించాక ఆ దేశంలోనే దాన్ని సడలిస్తున్నారు. బఫెలో నగరం 2017లో బళ్లచోటు నిర్బంధాన్ని ఎత్తివేసింది. మినియాపొలిస్ ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లు అన్న మండలాలకు స్వస్తి చెప్పింది. జపానులో అన్నిటికన్న కట్టుదిట్టమైన నివాస మండలంలో కూడ ఇంట్లో భాగంగా 50 చదరపు మీటర్ల వరకు చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. వారు వదిలిన చొక్కాను మనం ఇస్త్రీ చేసి తొడుక్కుంటున్నాం.

మనకు వేరే దారి చూపినవాడు లేకపోలేదు. స్కాట్లండు నుండి వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ 1914-15 కాలంలో మద్రాసు రాజధానిలోని పట్టణాలు తిరిగి నివేదికలు వ్రాశాడు. సందులను కూల్చి వెడల్పు రోడ్లు వేయడమే అభివృద్ధి అనుకునే ఇంజనీర్లతో ఆయన పోట్లాడాడు. ఉన్న ఊరిని పాడుచేయకుండా, అక్కడక్కడ శిథిలమైన కట్టడం తీసి, చెట్టుకు, గాలికి చోటిచ్చి, జనాన్ని ఉన్నచోటనే ఉంచి బాగుచేయాలన్నాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. అప్పటి విశాఖపట్టణం జిల్లాలో ఉన్న మా ఊరికీ అదే మూలం. చట్టం మిగిలింది, గెడ్డెస్ మాట మిగలలేదు.

వ్యాకరణం ఎవరికోసం?

2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు విశాఖకు, విజయవాడకు, సాలూరుకు ఇంచుమించు ఒకటే. వీటిని ఎవరు పాటిస్తున్నారు? ఎవరూ పూర్తిగా పాటించలేరని ప్రభుత్వానికీ తెలుసు. అందుకే 2007 చివర ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఒకసారి అక్రమ కట్టడాలకు అపరాధ రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. 2020లో లేఅవుట్లకు అదే వరం. డబ్బున్నవాడు రుసుము కట్టి శుద్ధుడవుతాడు. అరుగు మీద ఇడ్లీ అమ్ముకునేవాడు నోటీసు అందుకుంటాడు.

బాలవ్యాకరణం చదివినవారికి 'బహుళము' అన్న మాట తెలుసు. ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు, ఒకచోట వికల్పం. చిన్నయసూరి దానిని తగినచోట్లనే వాడాడు. మన పట్టణ ప్రణాళికలో సూత్రమంతా బహుళమే! ప్రయోగాన్ని చూసి వ్యాకరణం వ్రాయాలి గాని, వ్యాకరణానికి సరిపడలేదని ప్రయోగాన్ని కూల్చరాదు. ఈ మాట చెప్పడానికి ఈ ప్రాంతంవారికి హక్కున్నది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి పోరాడినది దీనికోసమే కదా! జనం నోట ఉన్న భాషను తప్పుల తడక అన్నవారితో ఆయన పోరాడారు. ఎవరూ పట్టించుకోని సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. వీధిలో జనం బ్రతికే తీరును అక్రమమనే ఈ నిబంధనలకు కూడ ఒక గిడుగు రావాలి. గ్రాంథికం మీద మమకారం చావని నేనే ఈ మాట అంటున్నానంటే చూడండి!

ఎదురు వాదాలు

మొదటిది: 'ఊళ్లో స్థలం ఖరీదెక్కువ. పేదలకు ఊరి చివరే ఇవ్వగలం.' సరే, లెక్క వేద్దాం. వెయ్యి కుటుంబాలకు రెండేసి సెంట్లంటే ప్లాట్లకే 20 ఎకరాలు. రోడ్లు, ఖాళీ జాగా కలిపితే ఇంకా ఎక్కువ. అంత నేల ఊరి నడుమ దొరకదు, నిజమే. అదే వెయ్యి ఇళ్లను 430 చదరపు అడుగుల చొప్పున మూడంతస్తులుగా కడితే గోడల కింద పోయే నేల 3 ఎకరాల 30 సెంట్లు. చుట్టూ వీధులకు, పెరళ్లకు, చెట్లకు దానికి రెండింతలు వదిలినా మొత్తం 10 ఎకరాలు దాటదు. అదీ ఒకేచోట ఉండనక్కరలేదు. నాలుగయిదు చోట్ల రెండేసి ఎకరాలుగా ఉండవచ్చు. మేడమీది వాటా వద్దు, సొంత నేల కావాలన్నవారి మనసు నాకు తెలుసు. వారికి ఊళ్లోనే సెంటు నేలలో గోడకు గోడ ఆనించి, కింద ఒక గది, పైన ఒక గది కట్టుకోనివ్వండి. ఊరి నడుమ సెంటు, ఊరికి దూరాన రెండు సెంట్లు: ఏది కావాలో తీసుకునేవానినే అడగండి.

దూరానికి ధర ఉన్నది. ఇంటి నుండి పనికి రానుపోను ఆటోకు రోజుకు 40 రూపాయలనుకుందాం. నెలకు 26 రోజుల పనికి 1,040 రూపాయలు. ఏడాదికి 12,480. ఇంట్లో ఇద్దరు పనిచేస్తే దాదాపు పాతికవేలు. ఉచితంగా ఇచ్చిన స్థలానికి ఇది అద్దె కాదా? బ్రతికినన్నాళ్లు కట్టవలసిన అద్దె. అందుకే ఎన్నోచోట్ల పట్టా చేత పట్టుకునికూడ జనం ఊళ్లో అద్దెగదిలోనే ఉంటున్నారు.

రెండవది: 'ఇళ్ల మధ్య దుకాణాలు పెడితే గోల, కంపు.' గోలను, కంపును నిషేధించండి, దుకాణాన్ని కాదు. లారీ బాడీలు కట్టే షెడ్డు, వెల్డింగు, రంగులు చల్లే పని ఇళ్ల పక్కన ఉండకూడదని నేనే మొదట అంటాను. ఆ పనివల్ల బ్రతికే ఊరు మాది, అయినా అంటాను. కాని దర్జీ కుట్టుమిషనుకు, కిరాణా కొట్టుకు, పుస్తకాల షాపుకు, అప్పడాలు వత్తే ఆమెకు ఆ నియమమెందుకు?

మూడవది: 'రోడ్లు వెడల్పు లేకపోతే అగ్నిమాపక శకటం ఎలా పోతుంది?' వీధికి తగిన చిన్న శకటం కొనవచ్చు గాని, శకటంకోసం ఊరినే సాగదీయడం వింత. నిజానికి దారి మూసేది వీధి ఇరుకుదనం కాదు, వీధిలో నిలిపిన బళ్లు. లేఅవుట్లలో రోడ్డు కనీసం 12 మీటర్లుండాలన్న నియమాన్ని 2025లో 9 మీటర్లకు తగ్గించారు. ఇది మంచిపనే. అయితే మిగిలిన నేల ఎవరికి దక్కింది? ప్లాట్లు అమ్మేవానికి. ఆ 9 మీటర్లలో నడిచేవానికి ఎంత అన్నది తేలనే లేదు. భారతీయ రోడ్ల కాంగ్రెసు 2012లో ఇచ్చిన మార్గదర్శకాలలో కాలిబాటకు అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లయినా ఉండాలన్నది. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం, కాలిబాట పొందే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. జీవించే హక్కును కాలువ పలకల మీద ఎన్నాళ్లు ఉంచుతారు?

నాల్గవది: 'సాలూరు హైదరాబాదా? ఇంత చిన్న ఊరికి ఇవన్నీ ఎందుకు?' చిన్న ఊరు గనుకనే ఇప్పుడు కావాలి. రాయపూరు నుండి విశాఖకు వేస్తున్న ఆరు వరుసల కొత్త రహదారి మా మండలం మీదుగానే పోతుంది. దాని ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో విశాఖలో శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద రోడ్డు వచ్చినచోట వరిచేలు ప్లాట్లవుతాయి. ప్లాట్లకు గోడలు, గోడలకు గేట్లు వస్తాయి. ఊరు ముద్దగా కాక చినుకులుగా పెరుగుతుంది. మైదానంలో నేల ధర పెరిగితే కొండవైపు కన్ను పడుతుంది. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెందకుండా 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ కాపు కాస్తున్నాయి. ఆ కంచె మీద ఒత్తిడి తగ్గాలంటే కింద ఊరు ఒద్దికగా పెరగాలి. చేలు, కొండలు మిగలాలన్నవారు ఊళ్లో మేడను, ఇరుకు వీధిని అసహ్యించుకోరాదు.

ఏమి మార్చాలి?

బడిపంతులుగా నేను నమ్మే కొలబద్ద ఒకటున్నది. విద్యాహక్కు చట్టాన్ని అనుసరించి 2010లో చేసిన నియమాలలో, అయిదవ తరగతి వరకు బడి ఒక కిలోమీటరు నడక దూరంలో, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలో ఉండాలన్నారు. 'నడక దూరం' అన్న మాట మన చట్టాలలో ఇంత స్పష్టంగా పలికింది పసిపిల్లలకోసమే. బడి పిల్లవానికి దగ్గరగా ఉండాలన్న ప్రభుత్వమే పిల్లవాని ఇంటిని బడికి దూరంగా ఎలా ఇస్తుంది? ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో తీసుకోవడం కాదా ఇది?

కనుక నా కోరికలు:

1. బడి, అంగడి, వైద్యం, బస్సు: ఈ నాలుగూ కిలోమీటరు నడకలో లేనిచోట పేదలకు ఇంటిస్థలం కేటాయించరాదు. కేటాయిస్తే అవి ముందు కట్టి, పట్టా తరువాత ఇవ్వాలి.

2. బళ్లచోటు నిర్బంధాన్ని చిన్న పట్టణాలలో పూర్తిగా ఎత్తివేయాలి. కావలసినవాడు కట్టుకుంటాడు.

3. చిన్న స్థలాలలో గోడకు గోడ ఆనించి కట్టుకోనివ్వాలి. వీధివైపు అరుగును అతిక్రమణగా కాక ఇంటి అంగంగా గుర్తించాలి.

4. ఇంటి కింద చిన్న దుకాణం, ఇంటి మీద అద్దెవాటా ఎవరి అనుమతీ అడగకుండా ఉండే హక్కు కావాలి. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సంతకు దిగివచ్చే కొండవారికి రోడ్డు పక్కన తరిమివేయలేని చోటు దాని ప్రకారమే గీయాలి.

5. కొత్త లేఅవుటు ఏదైనా దాని వీధులు పాత వీధులలో కలియాలి. గోడ కట్టి దారి మూస్తే అనుమతి లేదు.

6. రోడ్డు వేసేటప్పుడు మొదట కాలిబాట కొలిచి, మిగిలినది బళ్లకు ఇవ్వాలి. ఇవాళ జరుగుతున్నది దీనికి తలకిందులు.

ఇవన్నీ రాజధాని నుండి రావాలని చూడనక్కరలేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణను పురపాలక సంఘాలకు అప్పగించదగిన విషయాల పట్టికలో చేర్చి, 1993లో అమలుకు వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా పట్టిక పట్టికగానే ఉన్నది. వీధి దీపం మార్చమని అడిగినంత గట్టిగా మనం వీధి నిబంధన మార్చమని ఏనాడూ అడగలేదు. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని ఎన్ని సెంట్లు ఇస్తారని అడగకండి. ఎక్కడ ఇస్తారని అడగండి. అక్కడి నుండి వారిని ఒకసారి బడిదాకా నడిచి చూడమనండి.

మీ మీ ఊళ్లలో సంగతులెలా ఉన్నవో వ్యాఖ్యలలో తెలియజేయండి. విభేదించేవారు కారణంతో విభేదిస్తే మరింత సంతోషం.